నుస్ఖాలో లేని ఆంచ్

మా అమ్మీ దగ్గర ఒక పాత నోట్‌బుక్ ఉంది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. నెయ్యి మరకలు పడి కొన్ని కాగితాలు అవతలి పక్క అక్షరాలు కనిపించేంత పలచబడ్డాయి. పెళ్ళికి ముందు నుంచీ ఆమె ఉర్దూలో రాసుకున్న నుస్ఖాలు అందులో ఉన్నాయి. షీర్ ఖుర్మా, హలీం, చోంగే, గిల్ ఏ ఫిర్దౌస్, ఆఖర్న రెండు పేజీల్లో ఈద్ ఖటాయి.

మా బిటియాకి ఉర్దూ చదవడం రాదు. ఇంగ్లిష్ మీడియం, సెకండ్ లాంగ్వేజ్ తెలుగు. నేను ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ణి. అందుకని మా ఇంట్లో దాదీకీ పోతీకీ మధ్య తర్జుమా పని నాదే. కిందటి రంజాన్‌లో ఇంటికి ఓటీజీ కొన్నాం. ఈసారి ఈద్ ఖటాయి ఇంట్లోనే, దాదీ నుస్ఖాతోనే చేస్తానని బిటియా కూర్చుంది. నేను చదువుతున్నాను, తను తెలుగులో రాసుకుంటోంది. మైదా పావు కిలో. జమిన నెయ్యి పావు కిలోకి కాస్త తక్కువ. పొడి కొట్టిన చక్కెర నెయ్యిలో దాదాపు సగం. ఇలాచీ నాలుగు. తినే సోడా చిటికెడు. నెయ్యి, చక్కెర తెల్లబడేదాకా పరాత్‌లో అరచేత్తో రుద్దాలి. మైదా కలిపి ఉండలు చేసి, పైన ఒక్కో చిరోంజి నొక్కాలి. ఆఖరి లైను: 'భట్టీ కు భిజానా.'

"అంతేనా అబ్బా? టెంపరేచర్ ఎంత? ఎన్ని నిమిషాలు?" అంది బిటియా.

కాగితం తిప్పి చూశాను. వెనక మరో నుస్ఖా మొదలైంది. అమ్మీ రాసింది అంతే, భట్టీకి పంపించాలి అని.

నెట్‌లో చూసి 180 డిగ్రీలు పెట్టాం. ఓవెన్ దీపం ఆరగానే ట్రే లోపల పెట్టేశాం. మొదటి వాయి ఖటాయిలు కరిగి, పరుచుకుని, ఒకదానికొకటి అతుక్కుని దోసెలా వచ్చాయి. వేడి చాలలేదనుకుని రెండో వాయికి 200 పెట్టి ట్రేని కింది అరలోకి దించాం. పైన తెల్లగా ఉండగానే అడుగు నల్లబడింది. కిలో మైదా, దానికి తగ్గ నెయ్యి ఆ సాయంత్రమే ఖతం. బిటియా కళ్ళలో నీళ్ళు. అమ్మీ ఆ నల్లటి ఖటాయిని విరిచి వాసన చూసి, "ఆంచ్ హమారా కామ్ నై థా బేటా, భట్టీవాలే కా కామ్ థా" అంది. వేడి సంగతి చూసుకోవడం మా పని కాదు, భట్టీ వాడి పని అని.

ఆ మాట నన్ను వదల్లేదు. నలభై ఏళ్ళు ఈద్‌కి ఖటాయి చేసిన మా అమ్మీకి ఖటాయి సగమే వచ్చు. మిగతా సగం మొహల్లా చివర భట్టీలో ఉండేది. మన ఇళ్ళలోని ఎన్నో నుస్ఖాల సంగతి ఇంతే. ఇంట్లో ఓవెన్ ఉన్నా ఖటాయి, రోట్, కేక్ సరిగా రావడం లేదని చాలామంది బహెనులు నాతో అంటుంటారు. తప్పు వాళ్ళ చేతిలో లేదు. ఆ సగం ఎక్కడికి పోయిందో తెలియాలంటే కొంచెం తారీఖ్‌లోకి వెళ్ళాలి.

*

నా బచ్‌పన్ కర్నూలు పాతబస్తీలో గడిచింది. రంజాన్ ఇరవై ఏడో రోజు దాటిందంటే మా గల్లీ అంతా నెయ్యి, ఇలాచీ వాసన. ప్రతి ఇంట్లోనూ పరాత్‌ల మీద ఖటాయి ఉండలు వరసగా పేర్చి, పైన మల్లు గుడ్డ కప్పేవాళ్ళు. వాటిని భట్టీకి మోసే పని మగపిల్లలది. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. నెత్తిన చుట్ట కుదురు, దాని మీద పరాత్. "హిలా నక్కో రే, ధీరే జా" అని అమ్మీ గుమ్మం దగ్గర నుంచి కేకేసేది.

భట్టీ దగ్గర పరాత్‌ల బారు ఉండేది. ఎవరివి ఎవరివో తెలియాలి కదా, అందుకని ఒక్కో ఇంటికి ఒక్కో నిషానీ. మా ఇంటిది చిరోంజి గింజ. పక్కింటి ఖాలాది చాకుతో పెట్టిన రెండు గీతలు. దర్జీ వాళ్ళ ఇంటిది అంగుస్తానా, అంటే కుట్టుపని చేసేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగు, దాంతో నొక్కిన గుండ్రటి గుర్తు. ఒక్కసారి కూడా మా ఖటాయి మరో ఇంటికి పోలేదు. పిండి భట్టీవాలా చేతికి ఇచ్చామంటే అది అమానత్.

మేం చాచా అని పిలిచే ఆ భట్టీవాలా దగ్గర గడియారం ఉండేది కాదు, థర్మామీటర్ అసలే లేదు. నిప్పులు పక్కకి లాగి, తడిగోనె కట్టిన పొడుగాటి కర్రతో లోపల తుడిచి, పిడికెడు మైదా నేల మీద చల్లేవాడు. అది వెంటనే నల్లబడితే తల అడ్డంగా ఊపి బీడీ వెలిగించుకుని కూర్చునేవాడు. కాసేపటికి మళ్ళీ చల్లేవాడు. పిండి మెల్లగా గోధుమరంగుకి తిరిగితే, "అబ్ లావ్" అనేవాడు. అప్పుడు పరాత్‌లోని ఉండలు రేకుల మీదికి, రేకులు పొడుగాటి చెక్క పార మీద లోపలికి.

ఆ పిడికెడు మైదాయే మా అమ్మీ నుస్ఖాలో లేని ఆఖరి లైను.

*

పిండి ఇంట్లో, ఆంచ్ బయట అనే ఈ పంపకం మన గల్లీల్లో పుట్టింది కాదు. చాలా పాతది.

మనం తందూర్ అంటున్న లఫ్జ్ అరబీలో తన్నూర్. దాని వేళ్ళు ఇంకా వెనక, ఇరాక్ మట్టిలో మాట్లాడిన అక్కాదీ భాషలోని తినూరు దాకా పోతాయి. సూరా హూద్‌లో నూహ్ అలైహిస్సలాం ఖిస్సాలో తూఫాన్ మొదలైన చోట వచ్చే లఫ్జ్ ఇదే. తన్నూర్ మట్టి బానలాంటిది. అడుగున నిప్పు, లోపలి గోడకి రొట్టె. ఇది ఇంటి వాకిట్లో కూడా పెట్టుకోగలిగిన పొయ్యి.

రెండోది ఫుర్న్. ఇటుకలతో కట్టిన గుమ్మటం, లోపల చదునైన నేల. ఈ లఫ్జ్ రోమన్ల వైపు నుంచి వచ్చింది, లాటిన్‌లో ఫుర్నుస్. 10వ శతాబ్దంలో బగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ 'కితాబ్ అల్ తబీఖ్' అనే వంటల కితాబ్ కూర్చాడు. మనకి మిగిలిన అరబీ వంటల కితాబుల్లో అన్నిటికన్నా పాతది ఇదే. అందులో తన్నూర్ రొట్టె వేరు, ఫుర్న్ రొట్టె వేరు అని రెండూ ఉన్నాయి. ఫుర్న్ కట్టాలంటే జాగా కావాలి, కట్టెలు కావాలి, రోజంతా కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. మామూలు కుటుంబానికి అది అయ్యే పని కాదు. అందుకే షహర్లలో పిండి ఇంట్లో కలుపుకుని మొహల్లా ఫుర్న్‌కి పంపడం రివాజైంది. మొరాకోలో ఫెజ్ లాంటి పాత షహర్ల గల్లీల్లో ఆ రివాజు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అక్కడ దాన్ని ఫెర్రాన్ అంటారు.

12వ శతాబ్దంలో షామ్ దేశంలో అల్ షైజరీ అనే ఆయన ముహతసిబ్‌ల కోసం ఒక కితాబ్ రాశాడు. ముహతసిబ్ అంటే బజార్లో తూకాలు, సరుకు, శుభ్రత తనిఖీ చేసే హాకిం. అందులో భట్టీ వాళ్ళ గురించి విడిగా ఒక బాబ్ ఉంది. అది చదువుతుంటే నాకు మా కర్నూలు గల్లీయే కనిపించింది. భట్టీలను మొహల్లా మొహల్లాకీ పంచి పెట్టాలి, జనానికి వాటి అవసరం ఎక్కువ అంటాడు. పొగ గొట్టాలు సరిగా ఉండాలి. లోపలి నేల ఎప్పటికప్పుడు ఊడవాలి. చేపలు కాల్చే భట్టీ వేరు, రొట్టె భట్టీ వేరు ఉండాలి. పిండి తబక్‌లు ఎక్కువైనప్పుడు కలిసిపోకుండా ఒక్కోదానికి ఒక్కో నిషానీ ఉండాలి. పిండి తీసుకెళ్ళడానికి ఇళ్ళలోకి వెళ్ళే కుర్రాళ్ళు చిన్నపిల్లలే అయి ఉండాలి, ఎందుకంటే వాళ్ళు ఆడవాళ్ళ మధ్యకి వెళతారు.

చిరోంజి గింజ నిషానీ, నెత్తిన పరాత్ పెట్టుకున్న ఎనిమిదేళ్ళ పిల్లాడు. ఎనిమిది వందల ఏళ్ళ కింద షామ్‌లో రాసిన ఖాయిదాలు మా గల్లీలో ఎవరూ చదవకుండానే అమలయ్యాయి.

ఆ ఖాయిదాల్లోనే ఇంకో సంగతి ఉంది. పిండి ఆడవాళ్ళది, ఆంచ్ మగవాళ్ళది. ఇంటికీ భట్టీకీ మధ్య తిరిగేది పిల్లలు మాత్రమే. అంటే భట్టీ లోపల ఏం జరుగుతుందో పిండి కలిపిన మనిషి ఎన్నడూ చూడలేదు. నాన్‌బాయిల ఇల్మ్ బాప్ నుంచి బేటాకి, ఉస్తాద్ నుంచి షాగిర్ద్‌కి కళ్ళతో, చేతులతో అందింది. ఆడవాళ్ళ నోట్‌బుక్కుల్లోకి అది రానేలేదు.

*

దక్కన్ ఇళ్ళలో ఆంచ్ పూర్తిగా బయటే ఉండేదని కాదు. మన బావర్చీఖానాలో దమ్ ఉంది. డేగ్ మూత చుట్టూ పిండి పూసి మూసి, కింద సన్నటి సెగ, మూత మీద బొగ్గు నిప్పులు. పైనా కిందా ఆంచ్, మధ్యలో ఆవిరి బయటికి పోకుండా మూసిన గిన్నె. ఓవెన్ చేసే పనిలో చాలా భాగం ఇదే. మా నానీ ఇసుక పోసిన సత్తు గిన్నెలో చిన్న డబ్బా పెట్టి, మూత మీద నిప్పులేసి కేక్ చేసేది. ప్రెషర్ కుక్కర్లో గాస్కెట్, విజిల్ తీసేసి కేక్ చేసినవాళ్ళు ఈ చదివేవాళ్ళలోనే చాలామంది ఉంటారు. కానీ దమ్‌లో ఒకసారికి ఒక డబ్బానే పడుతుంది. ఈద్‌కి రెండు వందల ఖటాయిలు కావాలంటే భట్టీకే పోవాలి.

భట్టీ వేడి వేరు. ఇటుక, మట్టి, సున్నం కలిసి గజం మందం గోడలు. రాత్రంతా కట్టెలు కాలిస్తే ఆ గోడలు వేడిని తాగుతాయి. నిప్పు తీసేశాక గంటల తరబడి మెల్లగా తిరిగి ఇస్తాయి. నాన్‌బాయి హునర్ అంతా ఆ దిగే వేడిని వాడుకోవడంలో ఉంది. మొదట, వేడి బాగా ఎక్కువున్నప్పుడు నాన్, పావ్. కొంచెం దిగాక బన్, షీర్మాల్. ఇంకా దిగాక ఖటాయి, బిస్కెట్. ఆఖరికి రాత్రంతా లోపలే ఎండడానికి రస్కులు, అంటే మన పాపే. ఒకే మంట, నాలుగు రకాల పని. మా చాచా బీడీ కాలుస్తూ కూర్చున్నది బద్ధకంతో కాదు, తన వంతు వేడి కోసం ఎదురుచూస్తూ.

ఈ భట్టీల్లోకి ఎన్నో దారుల నుంచి సరుకు వచ్చింది. పావ్ అనే మాట పోర్చుగీసుల పావ్ఁ నుంచి, 1510లో వాళ్ళు గోవా పట్టుకున్న తర్వాత వచ్చింది. నాన్ ఫార్సీ లఫ్జ్. ఖటాయి పేరుతో మిఠాయిలు ఇరాన్‌లో, అఫ్ఘనిస్తాన్‌లో కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్ళు చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్‌ని షహర్ మొత్తానికి అలవాటు చేశాయి. ఆ బిస్కెట్ పేరు ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు. తక్సీం తర్వాత సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో కరాచీ బేకరీ పెట్టారు. ముహర్రం వచ్చిందంటే పాతబస్తీ బేకరీల ముందు దమ్ కే రోట్ కోసం బారులు. రవ్వ, మైదా, నెయ్యి, మేవా, జాఫ్రాన్ ఇంటి నుంచి తెచ్చి ఇచ్చి, రోట్ చేయించుకుని తీసుకెళ్ళిన కుటుంబాలు హైదరాబాద్‌లో ఎన్నో.

మా మొహల్లా భట్టీ మూతపడింది. చాచా కొడుకులు ఖలీజ్ వెళ్ళారు, తిరిగి వచ్చినా ఆ పొగలో కూర్చోలేదు. కట్టెల ధర పెరిగింది, చుట్టూ మేడలు లేచి పొగ గురించి తగాదాలయ్యాయి. ఇప్పుడు అక్కడ మొబైల్ రిపేర్ షాపు ఉంది. మర్హూమ్ చాచాతో పాటు మా గల్లీ నుస్ఖాలన్నిట్లో సగం మట్టిలోకి వెళ్ళింది.

*

ఇదే సమయంలో మరో చోట ఇంకో కథ నడిచింది. యూరప్‌లో కూడా ఒకప్పుడు ఆంచ్ అందాజాయే. పిండి చల్లి చూడడం, కాగితం ముక్క లోపల పెట్టి ఎంతసేపట్లో రంగు మారుతుందో చూడడం, చెయ్యి లోపల పెట్టి ఎన్ని అంకెలు లెక్కపెట్టగలరో చూడడం. వాళ్ళ పాత కితాబుల్లో కూడా 'మంచి వేడి ఓవెన్', 'మెల్లటి ఓవెన్' అనే ఉండేది.

1826లో ఇంగ్లండ్‌లో జేమ్స్ షార్ప్ గ్యాస్ పొయ్యికి పేటెంట్ తీసుకున్నాడు. మంటను తిప్పుడుతో పెంచడం, తగ్గించడం ఇంటి మనిషి చేతికి వచ్చింది. 1922లో స్వీడన్‌లో గుస్తాఫ్ డాలెన్ ఆగా పొయ్యి తయారు చేశాడు. ఆయన నోబెల్ ఇనామ్ పొందిన సైంటిస్టు. 1912లో ఒక పేలుడులో చూపు పోయింది. కళ్ళు లేని మనిషి తయారు చేసిన ఆ పొయ్యి, బరువైన పోత ఇనుములో వేడిని దాచుకుని రోజంతా ఒకేలా ఇస్తుంది. మా చాచా భట్టీ సూత్రమే, ఇటుక బదులు ఇనుము.

ఆ మరుసటి ఏడు, 1923లో, ఇంగ్లండ్‌లోనే రేడియేషన్ అనే కంపెనీ న్యూ వరల్డ్ గ్యాస్ కుక్కర్‌కి రెగ్యులో అనే థర్మోస్టాట్ బిగించి అమ్మింది. బిళ్ళ మీద నెంబర్లు. ఆ నెంబర్ దగ్గర తిప్పి పెడితే వేడి దానంతట అదే అక్కడ నిలబడుతుంది. ఆ తర్వాత అక్కడి వంటల కితాబుల్లో ప్రతి నుస్ఖా చివరా ఒక నెంబర్, కొన్ని నిమిషాలు చేరాయి. నాన్‌బాయి కళ్ళలో ఉన్న ఇల్మ్ కాగితం మీదికి దిగింది. ఇంట్లో వండే ఆడమనిషి చేతికి వచ్చింది.

మన నోట్‌బుక్కుల్లోకి మాత్రం ఆ నెంబర్ రాలేదు. మనకి భట్టీ ఉంది కాబట్టి దాని అవసరం పడలేదు. తర్వాత భట్టీ పోయింది, నుస్ఖా మాత్రం అలాగే ఉండిపోయింది. మధ్యలో గాజు కిటికీ ఉన్న గుండ్రటి అల్యూమినియం ఓవెన్లు కొన్ని ఇళ్ళకి వచ్చాయి, ఆ తర్వాత ఓటీజీలు. డబ్బా వచ్చింది గానీ ఉస్తాద్ రాలేదు. ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

*

మా అమ్మీ మాట విన్నాక నేను పంతం పట్టాను. మొదట ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటర్ కొన్నాను. బిళ్ళ మీద 180 పెట్టి, దీపం ఆరగానే చూస్తే లోపల ట్రే దగ్గర 150 దాటలేదు. పావుగంట ఆగితే 170. ఇంకో పది నిమిషాలకి గానీ నిలకడ రాలేదు. మా మొదటి వాయి ఎందుకు దోసె అయిందో అప్పుడు అర్థమైంది. దీపం ఆరింది లోపలి గాలి వేడెక్కినందుకు. గోడలు, ట్రే ఇంకా చల్లగానే ఉన్నాయి. చల్లటి ఓవెన్లో మైదా గట్టిపడేలోపే నెయ్యి కరిగి పారింది.

రెండో వాయి మాడడానికీ కారణం తెలిసింది. ఓటీజీ గోడ ఉత్త రేకు, భట్టీలా వేడిని దాచుకోదు. వేడి తగ్గినప్పుడల్లా రాడ్ ఎర్రగా వెలుగుతుంది. పల్చటి నల్ల ట్రే కింది రాడ్‌కి దగ్గరగా ఉంటే ఆ సెగ నేరుగా అడుగుకే తగులుతుంది. పైన సంగతి దానికి పట్టదు.

అంటే చిన్న రేకు డబ్బాకి భట్టీ గుణం కొంచెమైనా నేర్పాలి. మా ఇంట్లో పనిచేసినవి ఇవి.

ఓవెన్‌ని కనీసం అరగంట ముందు వెలిగించాలి. దీపాన్ని కాదు, థర్మామీటర్‌ని నమ్మాలి. థర్మామీటర్ లేకపోతే రేకు గిన్నెలో చెంచా పంచదార పెట్టి చూడండి. పంచదార 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బిళ్ళ 175 దగ్గర ఉన్నప్పుడు పావుగంటలో కరిగిపోతే మీ ఓవెన్ వేడి ఎక్కువ. 195 పెట్టినా కరగకపోతే తక్కువ. ఇది చాచా పిడికెడు మైదాకి చెల్లెలు.

కింది అరలో మందపాటి ఇనుప పెనం పెట్టి, ఓవెన్‌తో పాటే వేడెక్కనివ్వండి. అది భట్టీ నేల పని చేస్తుంది. తలుపు తెరిచినప్పుడు వేడిగాలి బయటికి పోయినా పెనంలో దాచిన వేడి ఉంటుంది. కింది రాడ్ సెగ నేరుగా ట్రేకి తగలకుండా అడ్డం కూడా పడుతుంది. ఖటాయి ట్రే మధ్య అరలో ఉండాలి, గోడలకి ఆనకూడదు. పక్కల నుంచి గాలి తిరగాలి.

ప్రతి ఓవెన్‌లోనూ ఒక మూల వేడి ఎక్కువ ఉంటుంది. అది కనిపెట్టడానికి జాలీ మీద బ్రెడ్ ముక్కలు పరిచి పది నిమిషాలు పెట్టండి. ఏ ముక్క ముందు ఎర్రబడిందో అదే మీ ఓవెన్ దుష్మన్ మూల. సమయంలో మూడింట రెండు వంతులు అయ్యాక ట్రేని ఒకసారి ముందువెనక తిప్పితే సరిపోతుంది. అంతకుముందు తలుపు తెరవకండి. కేక్ విషయంలో అయితే అసలే తెరవకండి, మధ్యలో కుంగిపోతుంది.

ఖటాయికి నెయ్యి కరిగింది కాదు, పేరుకున్నది కావాలి. అమ్మీ నోట్‌బుక్‌లో ఆ మాట ఉంది, మేమే ఎండాకాలంలో పట్టించుకోలేదు. ఉండలు చేశాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. పరుచుకోవు. మా ఓవెన్లో నిలకడైన 165 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 నిమిషాలు పట్టింది. పైన చిన్న బీటలు పడి, అడుగు అంచున బంగారు రంగు వస్తే తీసేయాలి. వేడి మీద మెత్తగానే ఉంటాయి, ముట్టుకోవద్దు. ట్రే మీదే చల్లారితే గట్టిపడతాయి. కరకర రాలేదని ఇంకో ఐదు నిమిషాలు ఉంచడం అందరం చేసే గల్తీ.

నాన్‌కి దీనికి తలకిందులు. ఓవెన్ ఎంత పోతే అంత, మామూలుగా 250. పెనం ముప్పావు గంట కాలాలి, పిండి నేరుగా పెనం మీదే పడాలి. రోట్ మందంగా ఉంటుంది కాబట్టి ఖటాయి కన్నా తక్కువ వేడి, ఎక్కువ సేపు. చాచా వరస గుర్తుంచుకుంటే ఒకే రోజు అన్నీ చేసుకోవచ్చు. ముందు నాన్, తర్వాత ఖటాయి, ఓవెన్ ఆపేశాక మిగిలిన వేడిలో పాపే. కరెంటు బిల్లూ కలిసొస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, రాసుకోండి. ఏ రోజు, ఏ అర, ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాలు, ఎలా వచ్చింది. మూడు నాలుగు వాయిల్లో మీ ఓవెన్ తబియత్ మీకు తెలిసిపోతుంది. నా 165 మీ ఓవెన్లో 175 కావచ్చు. అందుకే ఎవరి నెంబర్ వాళ్ళే కనుక్కోవాలి.

*

బక్రీద్‌కి ముందు రాత్రి మళ్ళీ చేశాం. ఐదో ప్రయత్నం. ఇషా నమాజ్ అయ్యాక అమ్మీ బావర్చీఖానాలోకి వచ్చి, మోకాళ్ళ నొప్పులతో నిలబడలేక కుర్చీ లాక్కుని ఓవెన్ గాజు తలుపు ముందు కూర్చుంది. లోపల దీపం వెలుగుతోంది. పదో నిమిషంలో ఉండలు కొంచెం కిందికి దిగాయి. పన్నెండో నిమిషంలో పైన సన్నటి బీట పడింది, చిరోంజి పక్కకి ఒరిగింది. అమ్మీ గాజుకి దగ్గరగా వంగి చూసింది.

"ఐసా ఫూల్తీ క్యా?" అంది. ఇలా ఉబ్బుతుందా అని.

నలభై ఏళ్ళలో ఎన్ని వేల ఖటాయిలు చేసిందో. అవి పగలడం ఆమె చూడడం అదే మొదటిసారి. ఆమె ఇచ్చింది పిండి, ఆమెకి తిరిగి వచ్చింది ఖటాయి. మధ్యలో జరిగింది ఇన్నేళ్ళూ ఆమెకి ఎవరూ చూపించలేదు. నాకు చాచా మీద ఉన్న మొహబ్బత్ తగ్గలేదు గానీ, పరాత్ మోసిన ఆ పిల్లాడు ఇంటికి వచ్చి భట్టీ లోపల ఏం చూశాడో ఒక్క రోజైనా అమ్మీకి చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. నేను చూశాను. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ వాయి బాగా వచ్చింది, అల్‌హందులిల్లాహ్. కొన్ని అంచున కాస్త ఎక్కువ ఎర్రబడ్డాయి, దుష్మన్ మూల పుణ్యమే. అమ్మీ ఒకటి నోట్లో వేసుకుని, "చాచా కా నై, లేకిన్ హమారా హై" అంది.

తర్వాత బిటియా నోట్‌బుక్ తెచ్చింది. 'భట్టీ కు భిజానా' అన్న లైనుని కొట్టేయనివ్వలేదు నేను. దాని కింద కొంచెం ఖాళీ ఉంది. అక్కడ తను తెలుగులో రాసింది: అరగంట ముందు వెలిగించాలి, కింద పెనం, మధ్య అర, 165, 18 నిమిషాలు, చల్లారాక తీయాలి.

మీ ఇళ్ళలో కూడా ఇలాంటి నోట్‌బుక్కులు ఉంటాయి. 'భట్టీకి పంపాలి', 'మంచి ఆంచ్ మీద', 'అందాజాగా' అనే మాటల దగ్గర ఆగిపోయిన నుస్ఖాలు. రాసినవాళ్ళు ఉండగానే వాళ్ళని ఓవెన్ ముందు కుర్చీలో కూర్చోబెట్టండి. ఆ కింది ఖాళీలో మీ లైను రాయండి, మీ పిల్లలకి ఏ లిపి వస్తే ఆ లిపిలో.